టెంక కట్టాకే మామిడి భోజనం

ఆ ఏడాది ఖమ్మం వైరా రోడ్డులో ఎవరు ఇల్లు కడుతున్నా, "కింద హోటలేనా?" అని అడిగేవారు జనం. నర్సింగ్ హోములు, బ్యాంకులు, ట్యుటోరియల్ కాలేజీలు వచ్చి ఆ రోడ్డుకు ఒక హోదా తెచ్చాయి. హోదా వెనకే హోటళ్లూ వచ్చాయి. ఒకదాంట్లో పట్టపగలు కూడా ఎర్ర లైట్లు వేసేవారు. కంచంలో ఉన్నది కూరో పచ్చడో వేలు పెట్టి చూస్తే తప్ప తెలిసేది కాదు. ఇంకోదాంట్లో ఫ్యామిలీ రూములకు ముదురాకుపచ్చ కర్టెన్లు కట్టారు. ఆ కర్టెన్ వెనక కూర్చుంటే సర్వర్ మనల్ని పూర్తిగా మరిచిపోయేవాడు. మూడోదాంట్లో ఫ్రైడ్ రైస్ మొదలుపెట్టారు. ఆదివారం సాయంత్రం స్కూటర్ మీద భార్యాపిల్లలతో వెళ్లి ఫ్రైడ్ రైస్ తినడం, ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకోవడం మా వైపు పెద్ద గౌరవం.

మేము ఆ రోడ్డు వెనక సందులో వెంకటరామారావుగారి ఇంట్లో, మేడమీద వాటాలో ఉండేవాళ్లం. నేను ఆడపిల్లల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా పాపకు రెండేళ్లు నిండుతున్నాయి. దానికి అన్నం ముద్ద చూస్తే చాలు, పళ్లు బిగుసుకునేవి. నీళ్లు మరగబెట్టి, గిన్నెలు మరగబెట్టి, పప్పులో మాంసకృత్తులెన్నో క్యారెట్లో విటమిన్లెన్నో లెక్కకట్టి వండేదాన్ని. అది ఏ లెక్కకూ నోరు తెరిచేది కాదు.

దాని నోరు తెరిపించినామె జంపక్క.

మా ఇంటి వెనక రేకుల గదిలో ఉండేది. మొగుడు దూలయ్య, వెంకటరామారావుగారు రోడ్డువైపు కట్టిస్తున్న బిల్డింగుకు వాచ్‌మన్. వాళ్లది ములకలపల్లి అవతల అడవి అంచున చిన్న గూడెం. కోయవాళ్లు. జంపక్క పెళ్లయిన కొత్తలోనే జూలూరుపాడు వచ్చి, అక్కడి ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్లు వంట చేసింది. పొట్టి మనిషి. చెంగు నడుముకు బిగిస్తే ఇక పొద్దుగూకేదాకా వదులయ్యేది కాదు. ఏ కూర వండినా దించబోయే ముందు ఎడమచేతి వెనక ఒక చుక్క వేసుకుని నాకేది. కళ్లు మూసుకుని, తల పైకెత్తి, పైన రేకుల మీద ఏదో రాసి ఉన్నట్టు కాసేపు నిలబడేది. అప్పుడు దించేది. రుచి చూడకుండా ఆమె ఏ గిన్నె దించడమూ నేను చూడలేదు.

ఒకరోజు నేను పాప వెనక గిన్నె పట్టుకుని పెరడంతా తిరుగుతుంటే పిలిచింది.

"తినుమని అనకు బిడ్డా. దాని ముంగట కూసొని నువ్వు తిను."

ఆమే కూర్చుని తినడం మొదలుపెట్టింది, చప్పుడు చేస్తూ, వేళ్లు నాకుతూ. పాప కాసేపు చూసి, దగ్గరికి జరిగి ఆమె కంచంలో చెయ్యి పెట్టింది. నాకు సంతోషం కన్నా ముందు ఆ చేతుల సంగతి గుర్తొచ్చింది. జంపక్క నా ముఖం చూసి లేచింది. సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్ది కడిగి, రెండు చేతులూ పైకెత్తి, "సూడు, ఆపరేషన్ చేసే డాక్టరమ్మ లెక్క కడిగిన," అని నవ్వింది. ఆ రోజు నుంచి పాపకు మధ్యాహ్నం భోజనం రేకుల గదిలోనే.

ఇక వెంకటరామారావుగారు. వాళ్ల పెద్దలు కృష్ణా వైపు నుంచి వచ్చి మధిర దగ్గర స్థిరపడ్డారు. వరి, పత్తి పండించేవాళ్లు. ఆయన పొలం తమ్ముడికి అప్పగించి ఖమ్మం చేరారు. తిండి మీద ఎంత ప్రేమో, తిండి పెట్టడం మీద అంతకంటే ప్రేమ. రోడ్డువైపు బిల్డింగులో కింద రెస్టారెంటు పెట్టాలని, దానికి భార్య హైమగారి పేరు పెట్టాలని పునాదినాడే అనుకున్నారు. "మన దగ్గర కర్టెన్లు వద్దు, ఫ్రైడ్ రైస్ వద్దు. ఇంటి భోజనం పెడదాం," అనేవారు. ఇంటి భోజనానికి విజయవాడ నుంచి ఒక వంట మాస్టర్ని తెచ్చారు. ఆయన వంకాయ వండినా, బెండకాయ వండినా, కోడి వండినా ఒకే ఎర్రటి కూర వండినట్టుండేది. హైమగారు ఆ మాటే మొహమ్మీద అన్నారు. మాస్టర్ ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాడు.

ఆ ఆదివారం జంపక్క నాటుకోడి వండింది. వాసన సందంతా తిరిగింది. వెంకటరామారావుగారు గిన్నె పట్టుకుని పెరట్లోకి దిగారు. అంత పెద్దమనిషి రేకుల గది ముందు నిలబడి కూర అడిగారు, తిన్నారు, మళ్లీ అడిగారు. చెయ్యి కడుక్కోకుండానే, రెస్టారెంటులో పొయ్యి నువ్వే చూసుకో అన్నారు.

జంపక్క వెంటనే ఒప్పుకోలేదు. హాస్టల్లో వార్డెన్ చెప్పిన కొలతకే ఉప్పూ కారం వేశానని, ఒక్కనాడూ తన చేతికి వచ్చినట్టు వండలేదని నాతో చాలాసార్లు చెప్పింది. తనదంటూ ఒక పొయ్యి ఉండాలని ఆమె కోరిక. చెప్పుకుంటే చిన్న కోరికే.

"పొయ్యికాడ నా మాటే నడవాలె సారూ," అంది.

"నడుస్తుంది."

"ఇంట్ల గూడ ఆమె మాటే సారూ," అన్నాడు దూలయ్య. "అలవాటైతది. నేను గ్యారంటీ."

వంటగదిలో గ్యాస్ పొయ్యిలు వచ్చాయి. జంపక్క పట్టుబట్టి ఒక మూల కట్టెల పొయ్యి కూడా కట్టించుకుంది. తనే మట్టి మెత్తి, చుట్టూ ముగ్గేసింది. రోజూ సాయంత్రం వెళ్లి ఖాళీ పొయ్యి ముందు కూర్చుని వచ్చేది. ఏం చేస్తున్నావని నేనడిగితే, "ఆరుతున్నదో లేదో సూస్తున్న," అనేది. ఆరి పది రోజులైంది.

చిక్కు మామిడికాయతో వచ్చింది.

ప్రారంభం ఉగాదినాడని వెంకటరామారావుగారు ముహూర్తం పెట్టారు. పండగపూట ఇల్లు వదిలి ఎవరొస్తారని హైమగారి సందేహం. బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో బదిలీ మీద వచ్చి ఒంటరిగా ఉన్నవాళ్లంతా వస్తారని ఆయన ధీమా. కరపత్రాలు వేయించారు. రిక్షాకు మైకు కట్టి రెండ్రోజులు ఊరంతా తిప్పారు. "కొత్త మామిడితో ఉగాది భోజనం! మామిడికాయ పప్పు, మామిడికాయ పులిహోర!" అని మైకు అరుస్తూనే ఉంది. వైరా రోడ్డులో ఇంకెవరికీ తట్టని ఆలోచన అని ఆయన మురిసిపోయారు.

ఆ మైకు జంపక్క కూడా విన్నది. విని ఊరుకుంది. ఇంత పెద్దగా చాటుతున్నారంటే, కొత్త కాయ ముట్టడానికి ముందు చేయాల్సినదేదో సారు చేయించే ఉంటాడని ఆమె అనుకుంది. అలాంటిదొకటి ఉంటుందనే ఆయనకు తెలియదు. పండక్కి రెండు రోజుల ముందు మధిర నుంచి మామిడికాయల బుట్టలు వంటగదిలో దిగాక ఆ సంగతి బయటపడింది.

"కొత్తలు ఎక్కడ చేసిండ్రు సారూ?" అని అడిగింది జంపక్క.

ఏ కొత్తలు అన్నారాయన. అప్పుడామె చెప్పింది. వాళ్ల గూడెంలో ఏ పంట వచ్చినా, ఏ కాయ కాసినా ముందు దేవరకు పెట్టి కొత్తల పండుగ చేస్తారు. అది అయ్యేదాకా ఎవరూ ముట్టరు. చిక్కుడుకాయకు ఒక పండుగ, మామిడికాయకు ఒక పండుగ. మామిడి కొత్తలు ఇంకా కాలేదు. అయ్యేటప్పటికి నెల పట్టొచ్చు.

"మామిడికాయేగా జంపక్కా. ఇంకెవరైనా కోసిపెడతారు. నువ్వు పప్పులో వేసి దించు, చాలు."

"రుచి సూడకుంటే ఎట్ల దించాలె? సూస్తే నోట్ల పెట్టినట్టే గదా."

"చూడకుండానే దించు."

"గట్ల దించితే అది వంట కాదు సారూ," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నాతోని కాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఊరంతా మైకు తిరిగింది, కరపత్రం ప్రతి ఇంటికీ చేరింది. ఇప్పుడు మామిడి లేదంటే రోడ్డుమీది మిగతా హోటళ్లవాళ్లు నవ్వుతారు. విజయవాడ మాస్టర్‌కు ట్రంక్ కాల్ బుక్ చేయమని ఇంట్లోకి కేకేశారు. మాస్టర్ వస్తే పొయ్యి మాస్టర్‌ది. జంపక్క కావాలంటే కూరగాయలు తరగొచ్చు.

జంపక్క గరిటె కడిగి, తుడిచి, పొయ్యి గట్టుమీద పెట్టింది. నేను గుమ్మంలో పాపను ఎత్తుకుని నిలబడ్డాను. పాప ఆమె వైపు చేతులు చాపింది. ఆమె ఎత్తుకుని, కాసేపటికి నాకు తిరిగిచ్చింది. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి బయటికి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో ట్రంక్ కాల్ అంత తొందరగా కలిసేది కాదు. వెంకటరామారావుగారికి కోపమూ అంతే, ఎక్కువసేపు నిలిచేది కాదు. తెల్లారేసరికి ఆయనకు ఇంకో ఉపాయం తట్టింది. ఆ పండుగేదో ముందుకు జరిపిస్తే సరిపోతుంది కదా. ఖర్చంతా తనదే. ఒక మామిడికాయల బుట్ట జీపులో వేసుకుని, దూలయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున్నే ములకలపల్లి బయల్దేరారు.

సాయంత్రం తిరిగొచ్చాక అక్కడ జరిగింది ఇద్దరూ మా మెట్లమీద కూర్చుని ఒకేసారి చెప్పారు. అందువల్ల ఏ మాట ఎవరిదో నాకు సరిగ్గా గుర్తులేదు.

గూడెం పెద్ద పగిడయ్య, జంపక్కకు మేనమామ. మంచం వేసి కూర్చోబెట్టాడు. ఈయన చెప్పిందంతా విన్నాడు. లేచి గూడెం వెనక మామిడిచెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక కాయ తెంపి బండమీద పెట్టి కత్తి దించాడు. కత్తి ఎక్కడా ఆగకుండా అవతలికి దిగింది. లోపల గింజ తెల్లగా, పాలమీగడలా ఉంది.

"టెంక కట్టలె," అన్నాడు పగిడయ్య. "మీ పండుగకు క్యాలెండర్ ఉన్నది సారూ. మా పండుగకు గిదే."

వెంకటరామారావుగారు ఊరికే వదిలే మనిషి కాదు. తన బుట్టలోంచి పెద్ద కాయ ఏరి, మధిర కాయకు కట్టే ఉంటుంది, చూడమన్నారు. పగిడయ్య దాన్నీ కోశాడు. కత్తి దానిలోనూ ఆగలేదు. గూడెమంతా నవ్వింది.

"నీదీ పసిదే సారూ. పసిపిల్లను తెంపుకొచ్చినవ్."

ఇక్కడిదాకా ఆయన కూడా నవ్వుతూనే చెప్పారు. తరువాత గొంతు తగ్గించారు. వాళ్లు మాట్లాడుకుంటున్నంతసేపూ బుట్ట మంచం పక్కనే ఉందట. చుట్టూ పిల్లలు చేరారట. "వాసన చూస్తున్నారమ్మా, ఒకళ్లనొకళ్లు పొడుచుకుని నవ్వుకుంటున్నారు. ఒక్కడు చెయ్యి పెట్టలేదు. మీ పాపంత పిల్ల ఒకత్తి చెయ్యి చాపింది. అక్క కాబోలు, దాని చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. అదీ ఏడవలేదు." వచ్చేటప్పుడు బుట్ట అక్కడే వదిలేస్తానంటే పగిడయ్య ఒప్పుకోలేదు. కొత్తలైనంక తెమ్మని తిప్పి జీపులో పెట్టించాడు. పొద్దున వెళ్లిన బుట్ట, కోసిన ఒక్క కాయ తక్కువగా, మళ్లీ మా మెట్ల దగ్గరికే వచ్చింది.

హైమగారు గుమ్మంలో నిలబడి విన్నారు.

"మీ అమ్మగారు ఉగాది పచ్చడి నోట్లో పడేదాకా పిందె కూడా కొరకనిచ్చేవారు కాదు. మర్చిపోయారా?"

ఆయన బుట్టలోంచి ఒక కాయ తీసి చేతిలో తిప్పారు.

"అత్తగారి మాటకు మనం ఆగాం కదా. జంపక్కా ఆగుతుంది. ఆవిడ పండగ వేరే రోజు. మామిడికాయ నేను వండుతాను, నాకేం రాదా?"

లోపల ఫోన్ మోగింది. విజయవాడ కాల్ కలిసింది. వెంకటరామారావుగారు వెళ్లి రిసీవర్ ఎత్తి, అవతలి మాట వినకుండానే, "రాంగ్ నంబర్," అని పెట్టేశారు. పెరట్లోకి దిగి, రేకుల గది ముందు నిలబడి, కాసేపు ఎలా మొదలుపెట్టాలో తెలియక దగ్గారు.

"పొయ్యి ఆరిందా జంపక్కా?"

"ఎన్నడో ఆరింది సారూ," అంది లోపల్నుంచి.

"అయితే రేపు వెలిగించు మరి."

ఉగాదినాడు వంటగదిలో రెండు రాజ్యాలు నడిచాయి. ఈ మూల కట్టెల పొయ్యి దగ్గర జంపక్క. ఆ మూల గ్యాస్ దగ్గర పట్టుచీర కొంగు దోపుకుని హైమగారు. మామిడికాయలు కడిగి కోసే పని నాది. ఊరంతా తినేది కదా అని, క్రిములు చావడానికి నేను పర్మాంగనేటు వేసిన నీళ్లలో వాటిని నానబెట్టాను. గంగాళం నిండా గులాబీ రంగు. హైమగారు తొంగిచూసి, "హోళీ అయిపోయిందమ్మా," అన్నారు. జంపక్క మా మూలకు వీపు పెట్టి వండింది. కానీ ఆమె ప్రాణం ఊరుకోదు. హైమగారు మామిడికాయ పప్పు నోట్లో వేసుకున్నారో లేదో, ఆ మూల నుంచి మాట వచ్చింది.

"ఉప్పు తక్కువైంది."

"నువ్వు రుచి చూడలేదుగా?"

"కొద్దిగ తిరిగి నీ మొఖం సూసిన."

ఉప్పు నిజంగానే తక్కువైంది.

మొదట ఎవరూ రాలేదు. వెంకటరామారావుగారు వరండాలో కొత్త పంచెతో అటూ ఇటూ తిరిగారు. మధ్యాహ్నం దాటాక డ్యూటీ దిగిన నర్సులు వచ్చారు. వాళ్ల వెనక బ్యాంకు కుర్రాళ్లు, ఆ తరువాత పిల్లల డాక్టరు కుటుంబంతో సహా. నాకు ఆ డాక్టరు బాగా తెలుసు, నెలకోసారి పాప బరువు చూపించేదాన్ని. హైమగారి పులిహోర బాగానే పోయింది. అయితే అందరూ మళ్లీ మళ్లీ అడిగింది మాత్రం కరపత్రంలో లేని చింతచిగురు పప్పు. అది జంపక్క పొయ్యిది. వెంకటరామారావుగారు నెయ్యి గిన్నె పట్టుకుని, వద్దన్నవాళ్ల విస్తట్లో కూడా వేసుకుంటూ తిరిగారు. డాక్టరుగారు చేతులు అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వేశారు. ఎర్ర లైట్ల హోటల్ యజమాని కూడా వచ్చి ఒక మూల కూర్చుని తిన్నాడు. మా దగ్గర వెలుతురు ఎక్కువగా ఉందని అన్నాడట.

నెల తిరిగింది. పెళ్లిళ్ల రోజులు, మధ్యాహ్నం నిలబడటానికి చోటుండేది కాదు. అప్పుడే ములకలపల్లి వైపు నుంచి వచ్చిన మనిషి ఒకాయన దూలయ్యతో చెప్పి వెళ్లాడు, గూడెంలో కత్తి ఆగిందని. జంపక్క కొత్తలకు మూడు రోజులు ఊరెళ్తానంది. అడగలేదు, చెప్పింది. ఆ మూడు రోజులు హైమగారు వండుతారనే మేమంతా అనుకున్నాం. హైమగారి ముఖంలో మాత్రం ఆ ఉత్సాహమేమీ కనబడలేదు. వెంకటరామారావుగారు ఒక నిట్టూర్పు విడిచి, పలక తెప్పించి, సుద్దముక్కతో తనే రాసి గుమ్మానికి తగిలించారు. 'కొత్తల పండుగ. వంటావిడ ఊరెళ్లారు. ఆవిడ రాగానే భోజనం.'

వైరా రోడ్డులో హోటల్ మూశారంటే ఎవరో పోవాలి, లేదా దివాలా తీయాలి. జనం ఆగి పలక చదివారు. కొత్తలంటే ఏంటని అడిగారు. వెంకటరామారావుగారు వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరికీ బండ, కత్తి, మీగడలాంటి గింజ, అన్నీ చేతులతో చూపిస్తూ చెప్పారు. మూడో రోజుకు పిల్లల సంగతి చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ తగ్గించాలో కూడా ఆయనకు కుదిరింది.

జంపక్క సంచి నిండా గూడెం కాయలతో వచ్చింది. వంటగదిలోకి వెళ్లకుండా ముందు మా మెట్లమీద కూర్చుని, పాపను దగ్గరికి పిలిచింది. ఒక కాయ మెట్టుమీద పెట్టి కత్తి దించింది. టక్కుమని ఆగింది. పాప ఉలిక్కిపడి, మళ్లీ చెయ్యమంది. మళ్లీ టక్కు.

"ఇన్నవా? గట్టిపడ్డది."

పక్కనుంచి ఒక ముక్క చెక్కి, ఉప్పూ కారం అద్ది పాప చేతికిచ్చింది. నేను గులాబీ నీళ్ల గిన్నె తీసుకుని పరిగెత్తుకొచ్చేసరికి ముక్క నోట్లో ఉంది. పాప ఒక కన్ను మూసుకుంది, భుజాలు పైకి లేచాయి, ఒళ్లంతా జలదరించింది. ఆ తరువాత, నేను రెండేళ్లుగా ఎదురుచూస్తున్న పని చేసింది. ఇంకొకటి కావాలని చెయ్యి చాపింది. గిన్నె నా చేతుల్లోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం కట్టెల పొయ్యి మీద మొదటిసారి మామిడికాయ పప్పు ఉడికింది. దించబోయే ముందు జంపక్క ఎడమచేతి వెనక ఒక చుక్క వేసుకుంది. కళ్లు మూసుకుని తల పైకెత్తింది. వెంకటరామారావుగారు, హైమగారు, దూలయ్య, పాపతో నేను, అందరం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. చాలాసేపు కళ్లు తెరవలేదు. ఉప్పు సరిపోయిందా అని హైమగారు అడిగారు.

"ఆగు," అంది జంపక్క. కళ్లు తెరవకుండానే ఇంకో చుక్క వేసుకుంది.

మరుసటి ఏడు వేయించిన కరపత్రంలో మామిడి భోజనానికి తేదీ లేదు. 'టెంక కట్టాక' అని మాత్రం ఉంది. మేము ఖమ్మంలో ఉన్నన్నాళ్లూ అదే పద్ధతి నడిచింది. ఎండలు మొదలయ్యాయంటే, బ్యాంకుకు పోయేవాళ్లు స్కూటర్ స్లో చేసి, ఇంజన్ ఆపకుండానే కిటికీలోకి కేకేసేవారు.

"జంపక్కా, టెంక కట్టిందా?"

"కట్టలె. పప్పుచారు తిని పోరాదు," అనేది ఆమె, గరిటె ఆపకుండా.